ఛత్రినాక రూంలో ఒకటే గిన్నె



పోయిన వారం నేను పెట్టిన స్టేటస్ చూసి చాలామంది మెసేజ్ చేశారు. "అదేం కూర?", "పన్నీరా, చికెనా?", "రొట్టెలు అట్ల ముక్కలు ముక్కలు ఎందుకున్నయ్?" అని. ఒక్కొక్కరికి చెప్పే బదులు ఇక్కడే రాస్తున్నా. కొంచెం పెద్ద పోస్టే. ఎట్ల వండాలో ఉంది. మా రూంలో అది ఎందుకు వండాల్సి వచ్చిందో కూడా ఉంది. రెండోది వదిలేస్తే సగమే చెప్పినట్టు అవుతుంది.

ముందుగా పేరు. బఫెలో చికెన్ డిప్. పేరు వినంగనే బర్రె అనుకోకండి. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలో బఫెలో అని ఒక ఊరు ఉంది. 1964లో ఆ ఊళ్లో యాంకర్ బార్ అనే చోట తెరెస్సా బెల్లిసిమో అనే ఆమె కోడి రెక్కలు నూనెలో వేయించి, వాటికి వెన్న కలిపిన కారం సాస్ పట్టించి పెట్టిందని చెప్తారు. అప్పటిదాకా అక్కడ రెక్కలకు పెద్ద విలువ లేదు, ఎక్కువగా సూప్ కాచడానికే వాడేవాళ్లు. ఆ రెక్కలకు ఊరి పేరు వచ్చింది. తర్వాత అదే రుచిని ఇంకో తీరుగా చేయడం మొదలుపెట్టారు. కోడిమాంసం ఉడికించి పీచులు పీచులుగా చేసి, చీజ్, కారం సాస్ కలిపి వేడి చేసి గిన్నెలో పెడతారు. అందరూ చుట్టూ కూర్చుని చిప్స్‌తో ముంచుకుని తింటారు. మ్యాచ్ చూసే రోజు ఇది వాళ్ల ఇళ్లల్లో మామూలు.

గమనించండి, దీన్ని పళ్లాల్లో వడ్డించరు. గిన్నె మధ్యలో ఉంటుంది, చేతులు గిన్నె దగ్గరికి వస్తాయి. మా రూంకు ఇది పనికొచ్చింది అందుకే.

ఇప్పుడు మా రూం సంగతి. మేం ముగ్గురం ఛత్రినాకలో ఉంటాం. లాల్‌దర్వాజకు, ఉప్పుగూడకు మధ్యలో సన్న గల్లీ, రెండో అంతస్తులో ఒక గది, బయట చిన్న వంట జాగ. "ఓయూలో చదువుకుంట పాతబస్తీలో ఎందుకున్నవ్?" అని అందరూ అడుగుతారు. కిరాయి తక్కువ. ఉప్పుగూడలో ఎంఎంటీఎస్ ఎక్కితే కాచిగూడ, విద్యానగర్ మీదుగా ఆర్ట్స్ కాలేజీ స్టేషన్‌లో దిగొచ్చు. ఇంకో ముచ్చట, మేం రూం అడిగిన చాలా చోట్ల ముందు ఊరు అడిగారు, తర్వాత "ఏమాట్లు?" అని అడిగారు, తర్వాత రూం లేదన్నారు. ఈ ఇంటి ఓనర్ అమ్మ మాత్రం "నీళ్లు పొదుపుగ వాడుకోండి బిడ్డా" అని ఒక్క మాటే అంది.

పేర్లు రాయను, ఊర్లతోనే చెప్తా. పెద్దామె చర్ల అక్క, భద్రాచలం దిక్కు కోయ ఆమె. నర్సింగ్ చేసింది. చిన్నామె ఉట్నూరు చెల్లె, గోండు పిల్ల, బీఈడీ చదువుతుంది. మధ్యలో నేను, దేవరకొండ దగ్గరి తాండా, లంబాడీ. రెండేండ్లు ఒకటే బియ్యం డబ్బా, ఒకటే నూనె ప్యాకెట్, ఒకటే కుక్కర్. వారానికొకరం కూరగాయలు తెచ్చేది.

తర్వాత ఒక రాత్రి ఫోన్‌లో ఒక స్పీచ్ వీడియో వచ్చింది. ఏ ముచ్చటో మీకు తెలుసు. 1976 చట్టంతో తెలంగాణ ప్రాంతంలో లంబాడీలు ఎస్టీ జాబితాలోకి వచ్చారు. 2017 చివర్లో ఉట్నూరు ఏజెన్సీలో ఆ జాబితా మీద గొడవ పెద్దదైంది. అప్పటి నుంచి అది చల్లారినట్టు ఉంటది, మళ్లీ రాజుకుంటది. ఈ గ్రూపులో కూడా ఎన్నిసార్లు అడ్మిన్లు పోస్టులు తీసేశారో మీరే చూశారు. ఆ రాత్రి అది మా సాప మీదికి వచ్చింది. ఎవరు ముందు అన్నరు, ఎవరు ఎక్కువ అన్నరు అనేది ఇక్కడ రాయను. ఆ మాటలు ముగ్గురికీ గుర్తున్నయ్.

మరుసటి రోజు నుంచి పొయ్యి ఒకటే, వంట రెండు. చెల్లె ఏడు గంటలకు వండుకునేది, నేను తొమ్మిదికి. బియ్యం డబ్బాలు వేరైనయ్. ఉప్పు డబ్బా కూడా. చర్ల అక్క ఒకపూట ఆమెతోటి, ఒకపూట నాతోటి తినేది. ఇట్ల మూడు వారాలకు పైనే నడిచింది. ఒక గదిలో ముగ్గురు పడుకుని, ఇద్దరు మాట్లాడుకోకపోతే ఆ గది ఎంత చిన్నగ అయితదో అట్ల ఉన్నోళ్లకే తెలుస్తది.

అప్పుడే చర్ల అక్కకు ఆర్డర్ వచ్చింది. వాళ్ల దిక్కే ఏజెన్సీలో పీహెచ్‌సీలో స్టాఫ్ నర్స్. సంతోషమే. కానీ అక్క పోతే మా ఇద్దరి మధ్య ఎవరూ ఉండరు. పోయే ముందు అక్క ఒకటే అడిగింది. "ఆదివారం ముగ్గురం ఒక్క దగ్గర కూసొని తిందాం. ఏం వండుతరో మీ ఇష్టం. రెండు గిన్నెలు మాత్రం పెట్టొద్దు."

ఏం వండాలె? జొన్న గట్క అంటే చెల్లె ఇంటి వంట. సళోయి అంటే మా తాండా వంట. మారేడుమిల్లి, అరకు దిక్కు టూరిస్టులు క్యూ కట్టి తినే బొంగు చికెన్ అక్క చిన్నప్పుడు వాళ్ల ఊళ్లో తిన్నదే, కానీ ఛత్రినాకలో పచ్చి బొంగు ఎక్కడ దొరుకుతది? చిత్రంగ ఆ రోజు ఏ పేరు చెప్పినా అది ఎవరో ఒకరిది అయితుంది. అప్పుడు చెల్లె ఫోన్‌లో ఈ డిప్ చూపించింది. మా ముగ్గురిలో ఎవరిదీ కాదు. మా ఊర్లల్ల ఎవరూ పేరు కూడా వినలేదు. అక్క నవ్వి "అయితే ఇదే" అంది.

ఇక వండే పద్ధతి. మా దగ్గర ఓవెన్ లేదు, ఫ్రిజ్ లేదు. అట్ల ఉన్నోళ్ల కోసమే రాస్తున్నా.

శనివారం రాత్రే అర లీటరు పెరుగు పల్చటి బట్టలో మూటగట్టి నల్లా కొక్కేనికి వేలాడదీసినం. అమెరికాలో క్రీమ్ చీజ్ వేస్తారు, దాని ధర చూస్తే మన కడుపు అక్కడే నిండుతది. పెరుగులో నీళ్లు కారిపోతే తెల్లారేసరికి గట్టి ముద్ద మిగులుతది, పులుపు కూడా కొంచెం ఉంటది. ఎండాకాలం అయితే రాత్రంతా ఉంచొద్దు, బాగ పులిసిపోతది. మూడు నాలుగు గంటలు చాలు.

కారం సాస్ సీసా కొనలేదు. ఆ సాస్‌లో ఉండేది ఎండిన మిరపకాయ కాదు, పులియబెట్టిన ఎర్ర మిరప, వెనిగర్, ఎల్లిగడ్డ, ఉప్పు. మనం మన తీరుగా చేసుకోవచ్చు. బేగంబజార్‌లో వరంగల్ చపాట మిరప దొరికింది. 2025లో దానికి జీఐ గుర్తింపు వచ్చింది, మీలో వరంగల్ దిక్కోళ్లకు బాగ తెలుసు. టమాటలెక్క బొద్దుగ ఉంటది, ఎర్రదనం ఎక్కువ, కారం తక్కువ. అవి ఎనిమిది, గుంటూరు మిరపకాయలు ఆరు తీసుకుని గింజలు దులిపి, వేడినీళ్లల్ల ఇరవై నిమిషాలు నానబెట్టినం. ఆరు ఎల్లిగడ్డ రెబ్బలు, మూడు చెంచాల వెనిగర్, ఉప్పు వేసి మెత్తగ రుబ్బి జల్లెట్లో వడకట్టినం. తొక్కలు మిగిలిపోతయ్, సాస్ నున్నగ దిగుతది. వెనిగర్ లేకపోతే నిమ్మరసం పిండుకోండి, కానీ దించిన తర్వాతే.

ఆదివారం పొద్దుగాల చికెన్ దుకాణం దగ్గర లైన్ మీకు చెప్పాల్సిన పని లేదు. అర కిలో బోన్‌లెస్ తెచ్చినం. లెగ్ మాంసం అయితే మెత్తగ ఉంటది, పూర్తిగా బ్రెస్ట్ తీసుకుంటే పొడిపొడిగా అయితది. ఉప్పు, పసుపు, అల్లం ఎల్లిగడ్డ వేసి, కొంచెం నీళ్లు పోసి రెండు విజిల్స్. చల్లారినంక చేతులతో పీచులు తీయాలె. ఇది ఒక్కరు చేసే పని కాదు, చాలాసేపు పడుతది. ముగ్గురం ఒకటే తాంబాళం చుట్టూ కూర్చున్నం. మూడు వారాల తర్వాత మా మూడు జతల చేతులు ఒకటే పళ్లెంలో ఉన్నయ్. ఎవరూ ఏమీ మాట్లాడలేదు. కొంతసేపటికి చెల్లె "అక్కా, ఇది ఇంకా సన్నగ చేయాల్నా?" అని అడిగింది. నన్నే అడిగింది. "చాలు" అన్న. అంతే.

ఉడికిన నీళ్లు పారబోయకండి. అర గ్లాసు పక్కన పెట్టుకోండి, తర్వాత గట్టిపడితే పలచన చేయడానికి పనికొస్తది.

అడుగు మందం ఉన్న గిన్నెలో ఒక చెంచా వెన్న వేసి, కారం సాస్ పోసి పచ్చివాసన పోయేదాకా సన్న మంట మీద వేయించాలె. పెరుగు ముద్దలో ఒక చెంచా శెనగపిండి వేసి ఉండలు లేకుండా గిలకొట్టాలె. ఇది మర్చిపోవద్దు. ఉట్టి పెరుగును వేడి మీద పెడితే విరిగిపోయి నీళ్లు, గుళికలు వేరైతయ్. పిండి ఉంటే పట్టుకుని ఉంటది. మజ్జిగ పులుసులో మనోళ్లు శెనగపిండి కలిపేది అందుకే. మంట బాగ తగ్గించి పెరుగు, చికెన్ వేసి కలిపి, నాలుగు చీజ్ క్యూబులు తురిమి వేసినం. అమూల్ 200 గ్రాముల డబ్బాలో ఎనిమిది క్యూబులు ఉంటయ్. మిగిలిన వాటిలో రెండు పైన తురిమి చల్లినం. ప్రాసెస్ చేసిన చీజ్ కాబట్టి నూనె వేరుగ తేలకుండా నున్నగ కరిగిపోతది. గిన్నెను ఇనుప పెనం మీద పెట్టి, పైన మూత, సన్న సెగ, పది నిమిషాలు. పెనం మీద ఎందుకంటే నేరుగ మంట తగిలితే అడుగంటుతది. దించి ఉల్లికాడలు, కొత్తిమీర చల్లుకోవాలె.

కారం ఎక్కువైతదేమో అని భయపడకండి. మిరపలో మండించే పదార్థాన్ని పాలలోని ప్రొటీన్ పట్టుకుని తీసుకుపోతది. అందుకే కారం తిని నీళ్లు తాగితే తగ్గదు గానీ పెరుగు తింటే తగ్గుతది. చీజ్, పెరుగు కలిసినయ్ కాబట్టి మొదట నున్నగ ఉంటది, తర్వాత మెల్లగ గొంతులో మంట తెలుస్తది.

ఇప్పుడు రొట్టె ముక్కల సంగతి. వీడియోలో మొక్కజొన్న చిప్స్ ఉన్నయ్. ప్యాకెట్ కొందామా అంటే చెల్లె "మా అమ్మ పంపిన జొన్నపిండి ఉంది గద" అని తన డబ్బా మూత తీసింది. నా డబ్బాలో కూడా జొన్నపిండే. మా యాడి పంపింది. ఉట్నూరు దిక్కు గట్క ఆ జొన్నలతోనే, మా తాండాలో బాటి ఆ జొన్నలతోనే. ఎవరిదీ కాని వంట అని మొదలుపెడితే చివరికి అందరి ఇంటి పిండి దాని పక్కకు వచ్చింది. రెండు డబ్బాల పిండి ఒకటే పళ్లెంలో పోసినం. వేడినీళ్లతో కలిపి, నేను రొట్టెలు కొట్టిన, చెల్లె కాల్చింది. కాల్చిన తర్వాత పెనం మీదే సన్న సెగన ఇంకొంచెంసేపు ఉంచితే కరకరలాడుతయ్. అరచేతిలో పట్టేంత ముక్కలు విరిచి పెట్టుకోవాలె.

గిన్నె మధ్యలో పెట్టినం. పళ్లాలు తీయలేదు.

ఇక్కడ ఎంగిలి ముచ్చట ఒకటి చెప్పాలె. మా యాడి చిన్నప్పుడు ఊళ్లో చాయ్ హోటల్లో తాండావాళ్లకు గ్లాసు వేరు. తాగి కడిగి గోడ మీద బోర్లించాలె. మనలో మనకు ఈ లెక్కలు లేవని మాత్రం అనకండి. మా తాండాలో కూడా ఎవరింట్ల తింటరు, ఎవరింట్ల తినరు అనేది చూస్తనే పెరిగిన. ఇటు ఛత్రినాక నుంచి చాంద్రాయణగుట్ట దాటితే బార్కస్ వస్తది. నిజాం ఫౌజులో పనిచేయడానికి యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బుల బారక్స్ అక్కడ ఉండేవి, ఆ మాటే బార్కస్ అయింది. అక్కడ మండీ తిన్నోళ్లు చూసే ఉంటారు. పెద్ద పళ్లెంలో అన్నం, పైన మాంసం, నలుగురు చుట్టూ కూర్చుని ఒకటే పళ్లెంలో తింటారు. వాళ్లకు అది వింత కాదు. మొదటిసారి మేం ముగ్గురం పోయినప్పుడు పక్కవాళ్లను చూసి నేర్చుకున్నం, ఎవరి ముందున్నది వాళ్లు తినాలె, పళ్లెం అవతలికి చెయ్యి చాపొద్దు.

చర్ల అక్క నర్సు కాబట్టి తన రూల్ పెట్టింది. "ఒకసారి ముంచి కొరికిన ముక్క మళ్ల ముంచొద్దు. చిన్న ముక్క తీసుకోండి, మొత్తం నోట్లె పెట్టుకోండి. ఎవరిదైనా సరే, అందరికీ ఒకటే రూల్." ఎంగిలికి మన పెద్దోళ్లు చెప్పిన కారణాల కంటే ఇది నాకు నచ్చింది. ఇందులో కులం లేదు, ఉమ్మి మాత్రమే ఉంది.

తింటుంటే మంచిగ మాట్లాడుకున్నం అని రాస్తే అబద్ధం అయితది. నాలుగు ముక్కలు తిన్నమో లేదో చెల్లె మళ్ల ఆ ముచ్చటే తీసింది. "అక్కా, నీ మీద నాకు కోపం లేదు. జీవో 3 ఉన్నప్పుడు ఏజెన్సీలో టీచర్ పోస్టులు అక్కడి ఎస్టీలకే అన్నరు. 2020లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఇప్పుడు నేను బీఈడీ చేసి ఎవరితోటి పోటీ పడాలె? మా ఊళ్లో డిగ్రీ చదివిన మొదటి ఆడపిల్లను నేను. తాతల కాలం నుంచి చదువుకున్నోళ్లతోటి నన్ను ఒక లైన్లో నిలబెడితే ఎట్ల?" అంది.

నేను కూడా చెప్పిన. మా దేవరకొండ షెడ్యూల్డ్ ఏరియా కాదు, ఆ జీవో ఉన్నప్పుడు కూడా మాకు అందలేదు. ఆడపిల్లను సాకలేక అమ్ముకున్న తాండాలు మా దిక్కు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి కాళ్లు వంకర పోయినోళ్లు మా దిక్కు. లంబాడీ అనంగనే ఆఫీసర్లు, లీడర్లు యాదికొస్తరు, మా యాడి హైదరాబాద్‌లో తట్ట మోసింది ఎవరికీ యాదికి రాదు.

చెల్లె విన్నది. "నాకు తెల్వదు అక్కా ఇది" అంది. నేను కూడా వాళ్ల ఊళ్లో బడి ఎన్ని రోజులు తెరిచి ఉండేదో ఆ రోజే విన్న. రెండేండ్లు ఒకటే రూంలో ఉండి ఇవి ఎప్పుడూ అడుగలేదు. గొంతులు పెరిగినయ్ కూడా. ఒక దశలో ఇద్దరం చేతులు ఆపేసినం. అప్పుడు చర్ల అక్క "చీజ్ గట్టిపడుతుంది. కొట్లాడుకుంట తినండి" అంది. గిన్నె మళ్ల పెనం మీద పెట్టి, పక్కన పెట్టిన ఉడికిన నీళ్లు కొంచెం పోసి కలిపి తెచ్చింది. మళ్ల ముంచుకున్నం. మళ్ల మాట్లాడుకున్నం.

జాబితా సంగతి మా గిన్నె దగ్గర తేలలేదు. తేలదు కూడా. అది కోర్టుల్లో, ప్రభుత్వాల దగ్గర ఉన్న ముచ్చట. నా అభిప్రాయం నాది, చెల్లె అభిప్రాయం ఆమెది, ఇద్దరికీ కారణాలు ఉన్నయ్. కానీ వీడియోలో ఎవరో మైకు పట్టుకుని అరిచింది విని పక్కనున్న మనిషి మీద కోపం పెంచుకోవడం వేరు, ఆ మనిషి ముఖం చూస్తూ "నాకు ఇది పోయింది, నీకు ఏం పోయింది?" అని అడగడం వేరు. మా రూంలో మూడు వారాలు మొదటిది నడిచింది. ఆ గిన్నె ముందు రెండోది మొదలైంది. రెండు పళ్లాల్లో వడ్డించుకుని ఉంటే ఎవరి పళ్లెం వాళ్లు తీసుకుని చెరో మూలకు పోయేవాళ్లం. గిన్నె ఒకటే కాబట్టి లేచిపోవడానికి లేదు. ఈ గ్రూపులో ఇటు వాళ్లూ అటు వాళ్లూ ఉన్నారు కాబట్టే ఇదంతా రాస్తున్నా.

ఇంకొకటి. లాల్‌దర్వాజ బోనాల అప్పుడు ఓనర్ అమ్మ మాకు పైకి మటన్ కూర పంపింది. ఆ గిన్నె మా దగ్గరే ఉండిపోయింది. ఖాళీ గిన్నె తిరిగి పంపొద్దంటారు కదా. అందులో డిప్ కొంచెం, నాలుగు రొట్టె ముక్కలు పెట్టి చెల్లెను కిందికి పంపినం. అమ్మ రుచి చూసి "కారం మంచిగుంది, ఆ తెల్లది ఏందే బంకబంకగుంది?" అన్నదంట. మనుమరాలు మాత్రం గిన్నె నాకి పంపింది.

ఖర్చు ఐదు వందల లోపే, జొన్నపిండి ఇంటిదే కాబట్టి. ముగ్గురు తిని కిందికి పంపగలిగినం. హాస్టల్లో పదిమందికి చేస్తే చికెన్ కిలోన్నర పడుతది, చీజ్ మాత్రం అంతకంత పెంచాల్సిన పని లేదు, రెండు డబ్బాలు చాలు. మాంసం తిననోళ్లు ఉంటే పుట్టగొడుగులు నీళ్లు ఇంకేదాకా వేయించి వేయండి. మిగిలితే దాచొద్దు, ఫ్రిజ్ లేని రూంలో పెరుగు, కోడి కలిసిన వంట మరుసటి రోజుకు పనికిరాదు.

చర్ల అక్క డ్యూటీలో చేరింది. మొన్న ఫోన్ చేస్తే అక్కడ సంతలో చీజ్ దొరకదని, పెరుగు ముద్ద, మిరప సాస్‌తోటే వాళ్ల పీహెచ్‌సీ వాళ్లకు చేసి పెట్టిన అని చెప్పింది. మా రూంలో ఇప్పుడు బియ్యం డబ్బా ఒకటే. ఈ వారం కూరగాయలు తెచ్చే వంతు నాది, పోయిన వారం చెల్లెది. నిన్న రాత్రి కూడా జాబితా మీద వాదించుకున్నం, పదకొండు దాకా. అన్నం మాత్రం ఒకటే కుక్కర్లో ఉడికింది.